మాట లేని శోకం: ‘పథేర్ పాంచాలి’ సంగీతం

సినిమా కంటె ముందుగా సినిమా పాట మన ఇంటికి వచ్చి కూర్చోవడం ఈ దేశంలో చిరకాలంగా ఉన్న ఆచారం. మొదట గ్రామఫోను పళ్ళాల మీద, తరువాత రేడియోలో, ఈనాడు అరచేతిలో ఇమిడే యంత్రాలలో, మనం చిత్రాన్ని చూడక పూర్వమే దాని సుఖదుఃఖాలను విని ఉంటాము. అందులోను విషాద గీతమంటే మనవారికి ఒక ప్రత్యేకమైన మక్కువ. సంతోషంగా ఉన్నవాడు కూడ సాయంకాలం పడకకుర్చీలో వాలి, ఎవరిదో భగ్నప్రణయాన్ని కూనిరాగం తీసుకుంటాడు. అతనికి వచ్చిన కష్టమేమీ ఉండదు. పాట బాగున్నది, అంతే.

1953లో వచ్చిన మన ‘దేవదాసు’ను తలచుకోండి. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వం, సముద్రాల రాఘవాచార్యులవారి రచన, ఘంటసాలవారి కంఠం, సి. ఆర్. సుబ్బురామన్‌గారి బాణీలు. ఆ చిత్రం విడుదల కాకముందే, 1952లో, సుబ్బురామన్‌గారు చిన్న వయస్సులోనే కన్నుమూశారు. మిగిలిన పనిని ఆయన సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి గార్లు పూర్తిచేశారు. తెలుగువాడికి శోకమంటే ఎటువంటి స్వరంలో పలకాలో ఆ పాటలు ఒక తరానికి నేర్పినవి. అయితే అక్కడ శోకానికి మాట తోడున్నది. కవి దుఃఖకారణం చెబుతాడు, గాయకుడు దానిని మన చెవిలో పోస్తాడు, నటుడు కళ్ళతో దానికి సాక్ష్యం పలుకుతాడు. ఇన్ని విధాల చెప్పిన తరువాత మన హృదయం కరగకపోతే అది మన తప్పే అవుతుంది.

మాట లేకుండా శోకం చెప్పడం వేరొక విద్య. ‘దేవదాసు’కు మూలం శరత్‌బాబు వంగ నవల. ఈనాటి ప్రసంగానికి విషయమైన చిత్రానికి కూడ మూలం ఒక వంగ నవలే: బిభూతిభూషణ్ బందోపాధ్యాయగారు రచించగా 1929లో గ్రంథరూపం ధరించిన ‘పథేర్ పాంచాలి’. దానిని సత్యజిత్ రాయ్ చిత్రంగా తీశారు. 1955 మే నెలలో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాలలో అది మొదటిసారి ప్రదర్శితమైనది. ఆగస్టులో కలకత్తా ప్రేక్షకుల ముందుకు వచ్చినది. సంగీతం పండిత రవిశంకర్‌ది.

రేడియో శ్రోతలకు ఇక్కడ ఒక విషయం మనవి చేయాలి. రవిశంకర్ ఆ సమయంలో ఆకాశవాణి ఉద్యోగి. 1949 నుండి 1956 వరకు ఆయన ఢిల్లీ కేంద్రంలో ఉండి, దేశీయ వాద్యాలన్నిటినీ ఒకచోట కూర్చి ‘వాద్యవృంద’ అనే బృందానికి రచనలు సమకూర్చారు. తరువాతి కాలంలో మన ఆంధ్ర వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు కూడ ఆ బృందం కొరకు పనిచేశారు. పాడేవారు కనబడరు, పాటకు సాహిత్యం ఉండదు, వినేవారు ఎక్కడో చీకటిలో ఉంటారు. అటువంటి చోట కేవలం నాదంతో ఒక భావాన్ని అవతలి గట్టుకు చేర్చడం రేడియో సంగీతకారుని నిత్యకృత్యం. ‘పథేర్ పాంచాలి’కి పనికివచ్చిన నేర్పు అదే కాబోలునని నాకు తోస్తుంది.

ఆ చిత్రం ఎన్ని ఇబ్బందులు పడి తయారైనదో చాలమందికి తెలుసు. 1952లో మొదలుపెట్టిన పని డబ్బు చాలక పలుమార్లు ఆగినది. రాయ్‌గారు అప్పటికి ఒక ప్రకటనల సంస్థలో చిత్రకారుడు. తన జీవితబీమాను వదులుకొని, భార్య నగలు కుదువబెట్టి కొంత తీశారు. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ధనమిచ్చి గట్టెక్కించినది. సంగీతం దగ్గరకు వచ్చేసరికి డబ్బుతోబాటు కాలం కూడ కరువైనది. రవిశంకర్ కచేరీల ప్రయాణాల నడుమ కలకత్తాలో ఉన్నది కొద్ది సమయమే. చిత్రంలో సగం మాత్రమే చూశారు. ఒకే రాత్రి, తెల్లవారుజాము వరకు కూర్చొని, ఆ సంగీతాన్ని రికార్డు చేశారు. రాయ్‌గారు వయస్సులో ఆయనకన్న ఒక ఏడు చిన్న. మిగిలిపోయిన కొద్ది భాగాన్ని ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా స్వయంగా సితారు వాయించి పూరించారు. మిఠాయిల వాని వెనుక పిల్లలు నడిచిపోయే దృశ్యంలో మనం వినే సితారు ఆయనదే.

కథ రెండు మాటలలో చెప్పవచ్చు. నిశ్చిందిపురమనే పల్లెలో హరిహరుడనే పేద బ్రాహ్మణుడు, ఆయన భార్య సర్వజయ, కూతురు దుర్గ, కొడుకు అపు. వారితో ఇందిర్ ఠాకురుణ్ అనే వృద్ధురాలు. తండ్రి జీవనోపాధి వెదుకుతూ దేశాంతరం పోతాడు. ముసలామె పోతుంది. తరువాత దుర్గ పోతుంది. మిగిలినవారు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరుతారు. ఇంతే. ఇటువంటి కథలు మన పల్లెలలో గడపకొకటి ఉన్నవి.

ఇక సంగీతం. చిత్రానికి ప్రాణమైన వరుస ఒక వెదురు వేణువు మీద వస్తుంది. వాయించినవారు అలోక్ దే. అది రాగమని ఖచ్చితంగా అనలేము, జానపదమని తోసివేయనూ లేము. పశువులను తోలుకుపోయే పిల్లవాడు దారిలో వాయించుకొని మరచిపోయినట్లుంటుంది. దానిని మొదట విన్నప్పుడు నాకు దుఃఖం కలుగలేదు. ఈ మాట ముఖ్యం. విషాద చిత్రానికి సంగీతం కూర్చేవాడు మొదటి అడుగులోనే ఏడిపించడం మొదలుపెడితే, ఏడవవలసిన సమయం వచ్చేసరికి శ్రోత అలసిపోయి ఉంటాడు. రవిశంకర్ ఆ పొరపాటు చేయలేదు. ఆ వేణువు మనకు ఊరిని పరిచయం చేస్తుంది, గాలిని పరిచయం చేస్తుంది. దుఃఖాన్ని మాత్రం దాచి ఉంచుతుంది.

వర్షాగమన దృశ్యం తీసుకోండి. చెరువు నీటి మీద పురుగులు గిరగిర తిరుగుతుంటవి, తామరాకులు గాలికి తిరగబడుతుంటవి, ఆకాశం కమ్ముకొని వస్తుంది. వెనుక దేశ్ రాగంలో సితారు. దేశ్ మనకు పరాయిది కాదు. కచేరీ చివర తేలికగా పాడుకొనే రాగంగా దక్షిణాదిన కూడ స్థిరపడినది. ఉత్తరాదివారికి అది వానకాలంతో ముడిపడిన రాగం. ఆ సితారులో ఎంతటి ఉల్లాసమున్నదంటే, వాన చినుకు పడకముందే మన ఒళ్ళు తడుస్తుంది. దుర్గ జుట్టు విరబోసుకొని ఆ వానలో తడిసి ఆడుతుంది. తమ్ముడు చెట్టుకింద వణుకుతూ చూస్తుంటాడు.

ఆ తడవడమే ఆమెకు జ్వరమై చుట్టుకుంటుంది. ఆ జ్వరమే ఆమెను తీసుకుపోతుంది.

ఇప్పుడు ఆ దేశ్ రాగాన్ని రెండవసారి వినండి. స్వరం మారలేదు, సితారు మారలేదు, వాయించిన చేయి మారలేదు. మారినది మనం. తెలియక విన్నప్పుడు ఆనందమైనది, తెలిసి విన్నప్పుడు వినలేము. విషాదమంతా అందులోనే ఉన్నది, కాని అందులో ఒక్క విషాద స్వరమైనా లేదు.

దుర్గ మరణించే రాత్రి వచ్చేది గాలివాన. అక్కడ గాలిహోరు, తలుపు కొట్టుకోవడం, ఉరుము, గూటిలో కదలాడే వినాయకుని బొమ్మ, ఇవే రాజ్యం చేస్తవి. తల్లి ఒక్కతె తలుపుకు అడ్డంగా నిలబడి తుఫానును ఆపబోతుంది. అటువంటి చోట ఇరవై వయొలిన్లు ఒక్కసారిగా లేపి మన కన్నీళ్ళను దోచుకొనే అవకాశం సంగీతకారునికి, దర్శకునికి ఇద్దరికీ ఉన్నది. వారు దానిని వదులుకున్నారు. సంగీతజ్ఞుడు ఎక్కడ వాయించాడో చెప్పడానికి చాలమంది ఉన్నారు. ఎక్కడ చేయి వెనుకకు తీసుకున్నాడో గమనించేవారు తక్కువ.

కొన్ని దినాల తరువాత హరిహరుడు తిరిగి వస్తాడు. ఆయనకు ఏమీ తెలియదు. కూలిన గోడలు చూసి నొచ్చుకుంటాడు, అయినా చేతిలో కాస్త సంపాదన ఉన్నది కనుక ఉత్సాహంగానే ఉంటాడు. తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటి తీసి భార్యకు చూపిస్తాడు. చివరకు ఒక చీర తీస్తాడు, అది దుర్గకు. అంతవరకు కొయ్యబారి ఉన్న సర్వజయ ఆ చీరను పట్టుకొని కుప్పకూలుతుంది. ఆమె నోరు తెరుచుకుంటుంది. అయితే మనకు వినబడేది ఆమె కంఠం కాదు. ఆ కంఠం రావలసిన చోట తార్ శహనాయి అనే వాద్యం అత్యున్నత స్థాయిలో పట్‌దీప్ రాగాన్ని అందుకుంటుంది. వాయించినవారు దక్షిణామోహన్ ఠాకూర్.

ఆ వాద్యం గురించి ఒక మాట. పేరులో శహనాయి ఉన్నా అది ఊదే వాద్యం కాదు. కమానుతో మీటే ఎస్రాజ్ అనే తీగవాద్యానికి, గ్రామఫోను యంత్రానికి ఉండేటటువంటి పలుచని రేకును, బూరను అమర్చగా తార్ శహనాయి అయినది. తీగ మీద పుట్టిన నాదం రేకులో కంపించి బూరగుండా బయటికి వస్తుంది. అందువలన దానిలో తీగవాద్యపు లాగు, సన్నాయి జీర రెండూ కలుస్తవి. మనిషి గొంతుకు చాల దగ్గరగా వస్తుంది, కాని మనిషి గొంతు కాదు. పట్‌దీప్ స్వరాలు మన గౌరీమనోహరి స్వరాలే. ఆ చుట్టరికం ఉన్నందువలన తెలుగు చెవికి అది వెంటనే అందుతుంది.

సర్వజయ పాత్ర ధరించిన కరుణా బెనర్జీ ఏడుపును ఉన్నదున్నట్లు వినిపించవచ్చు గదా, వాద్యమెందుకు అని అడగవచ్చు. నాకు తోచిన సమాధానమిది. ఒక తల్లి ఏడుపు విన్నామంటే అది ఆ తల్లి ఏడుపు. మనం జాలి పడతాము, కాని కొంచెం దూరాన నిలబడి జాలి పడతాము. పరాయి ఇంటి ముందు నిలబడినవాడి జాలి అది. కంఠాన్ని తీసివేసి నాదాన్ని పెట్టినప్పుడు ఆ ఏడుపుకు యజమాని లేకుండా పోతాడు. అది ఎవరిదైనా కావచ్చు. రసం చెబితే పుట్టదు, ధ్వనిస్తేనే పుడుతుందని మన ఆలంకారికులు శతాబ్దాల క్రితం నిర్ణయించారు. శోకమనే మాట పది సార్లు పలికినా కరుణరసం కలుగదని ఆనందవర్ధనుని సిద్ధాంతం చదువుకున్నవారికి తెలుసు. ఆ సిద్ధాంతానికి నేను విన్న ఉదాహరణలలో ఈ తార్ శహనాయి ఒకటి.

ఇంతవరకు చెప్పినది చిత్రంతో కలిపి విన్న సంగీతాన్ని గురించి. ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. చిత్రం లేకుండా, రికార్డులో, రేడియోలో, ఈ సంగీతాన్ని విడదీసి వింటే ఏమి మిగులుతుంది? నా మిత్రుడొకరు, మంచి సంగీత రసికులు, ఈ విషయంలో నాతో ఏకీభవించరు. “బొమ్మ తీసివేస్తే అది ఒక చక్కని వేణువు, ఒక చక్కని సితారు. శోకం నీ జ్ఞాపకంలో ఉన్నది గాని పళ్ళెంలో లేదోయి,” అంటారు. ఆ మాటను నేను తేలికగా కొట్టివేయలేకపోయాను.

కొన్నేళ్ళ క్రితం ఒక సాయంకాలం ఆయనే మా ఇంటికి వచ్చి, చిత్రంలోని వాద్య భాగాలను మాత్రం వరుసగా వినిపించారు. మా అమ్మ అరుగు మీద కూర్చొని దీపానికి వత్తులు చేసుకుంటున్నది. ఆమె ఆ చిత్రం చూడలేదు. దాని పేరు కూడ వినలేదు. వేణువు వినిపించినంతసేపు పత్తి పురి తిప్పుతూనే ఉన్నది. సితారుకు తల ఊపినది. తార్ శహనాయి లేచినప్పుడు మాత్రం ఆమె వేళ్ళు ఆగినవి. అది ముగిసిన తరువాత, “ఎవరిరా ఆ తల్లి? ఏమి పోగొట్టుకున్నది?” అని అడిగినది. మిత్రుడు నావైపు చూశారు. నేను ఏమీ అనలేదు.

అమ్మకు మా అక్క జ్ఞాపకం వచ్చి ఉండాలి. అక్క తొమ్మిదవ ఏట జ్వరంతో పోయినది. అప్పటికి నేను మరీ చిన్నవాణ్ణి. పరామర్శకు వచ్చినవారి ముందు అమ్మ కంట నీరు పెట్టలేదని, అది చూసి కొందరు రాతిగుండె అన్నారని తరువాత విన్నాను. ఆ సాయంకాలం కూడ ఆమె ఏడవలేదు. మిగిలిన పత్తి పళ్ళెంలో పెట్టి, దీపం ముట్టించడానికి లోపలికి వెళ్ళినది.

అందుచేత మిత్రునికి నేనిచ్చే సమాధానమిది: శోకం పళ్ళెంలో లేదన్నమాట నిజమే. అక్కడ ఉన్నది ఒక ఖాళీ స్థలం. చిత్రంలో ఆ స్థలంలో సర్వజయ కూర్చున్నది. ఆమెను లేపివేస్తే ఆ చోటు పాడుపడదు. వినేవారు తమ మనిషిని తెచ్చి అక్కడ కూర్చోబెట్టుకుంటారు. మంచి విషాద సంగీతం చేయవలసిన పని ఆ చోటును శుభ్రంగా ఉంచడమే.

ఆయన వాదంలో మరొక సగం మాత్రం నిలిచే ఉన్నది. రికార్డులోకి రానిది నిశ్శబ్దం. తుఫాను రాత్రి సంగీతం లేకపోవడం ఏ పళ్ళెం మీదా ముద్ర పడదు. వేణువు తరువాత సితారు, సితారు తరువాత తార్ శహనాయి, వరుసగా విన్నవాడికి వాటి నడుమ ఉన్న మౌనమెంతటిదో తెలియదు. ఇందిర్ ఠాకురుణ్ పాత్రలో వృద్ధనటి చునీబాలా దేవి స్వయంగా వణుకు గొంతుతో పాడిన పాట కూడ అంతే. పొద్దు గడిచిపోయినది, ఆవలి గట్టుకు చేర్చమని భగవంతుని వేడుకొనే పాట అది. ఆమెను పాడెమీద తీసుకుపోయేటప్పుడు ఆ గొంతే మళ్ళీ వినబడుతుంది. ముందు ఆ ముసలామెను వెన్నెలలో ఒంటరిగా కూర్చొని ఉండగా చూసినవారికే ఆ రెండవసారి వినబడడంలోని బరువు తెలుస్తుంది.

ఈ సంగతి రాయ్‌గారికి బాగా తెలుసు. 1956లో ఆయన తీసిన రెండవ చిత్రం ‘అపరాజితో’లో హరిహరుడు కాశీలో మరణించిన తరువాత తల్లీకొడుకులు రైలులో వంగదేశానికి తిరిగి వస్తుంటారు. కిటికీ అవతల మెట్టనేలలు పోయి పచ్చని వంగభూమి కనబడినప్పుడు, మొదటి చిత్రపు వేణువు వరుస వినిపిస్తుంది. అపు ముఖం విప్పారుతుంది. తల్లి ముఖంలో మరొకటి కనబడుతుంది. ఆ వరుసలో ఇప్పుడు ఒక కూతురున్నది, ఒక భర్త ఉన్నాడు, కూలిన ఒక ఇల్లున్నది. మొదట ఊరిని పరిచయం చేసిన పాట ఇప్పుడు పోయిన ఊరికి గుర్తు అయినది.

రవిశంకర్ ఆ వరుసను తన వెంట మరింత దూరం తీసుకుపోయారు. 1962లో అమెరికాలో వెలువడిన ‘ఇంప్రొవైజేషన్స్’ అనే రికార్డులో దానిని మూలంగా చేసుకొని మనోధర్మ సంగీతం వినిపించారు. అక్కడ వేణువు వాయించినది బడ్ షాంక్ అనే జాజ్ విద్వాంసుడు. అదే రికార్డులో మన కర్ణాటక రాగం కీరవాణి కూడ ఉండడం తెలుగువారికి ముచ్చట గొలుపుతుంది. ఆ పళ్ళెంలో పల్లె లేదు, దుర్గ లేదు, వాన లేదు. పశులకాపరి వరుస సముద్రాలు దాటి పరదేశి పెదవి మీద పలికినది. విషాదం కొంత పలుచబడినది, ఆట కొంత పెరిగినది. అయినా వరుస చివర మెట్టు దిగేటప్పుడు మన చేయి దేనినో వెదుకుతుంది.

చిత్రాలకు కూడ మరణభయం తప్పలేదు. 1993లో లండన్‌లోని ఒక చిత్ర ప్రయోగశాలలో మంటలు లేచి, ఈ చిత్రపు మూల నెగటివు దెబ్బతిన్నది. కాలి, బిగుసుకుపోయిన చుట్టలను పారవేయక భద్రపరిచారు. ఇటలీలోని బొలోన్యా నగరంలో నిపుణులు ఎంతో ఓర్పుతో వాటిని విప్పి, బాగుచేశారు. పనికిరాని భాగాలకు ఇతర ప్రతులను వాడారు. 2015లో చిత్రం తిరిగి ప్రదర్శనకు వచ్చినది. రాయ్‌గారు 1992లోను, రవిశంకర్ 2012లోను లోకం విడిచారు. ఆ ఒక్క రాత్రి వాయించిన సంగీతం మాత్రం మిగిలినది.

చివరగా ఒక మనవి. ఈ సంగీతాన్ని వినదలచినవారు రెండుసార్లు వినాలి. చిత్రం చూడకముందు ఒకసారి, చూసిన తరువాత ఒకసారి. మొదటిసారి వానకు ముందటి సితారు మిమ్మల్ని సంతోషపెడితే సిగ్గుపడవద్దు. దుర్గ కూడ సంతోషించినది. రెండవసారి దానిని పూర్తిగా వినలేకపోతే అందుకూ సిగ్గుపడవద్దు. ఇంటిలో పెద్దవారెవరైనా ఉంటే వారిని కూడ పిలిచి వినిపించండి. కథ చెప్పకండి. తార్ శహనాయి ముగిసిన తరువాత వారేమైనా అడిగితే, తొందరపడి సమాధానం ఇవ్వకండి.